చేతులు తయారయ్యే ఆ నెల రోజులు

ఆరు వేళ్లతో బిడ్డ పుడితే ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. అదృష్టజాతకుడు, ఇంటికి కలిసొస్తాడని కొందరంటారు. గ్రహణం పట్టినప్పుడు తల్లి కత్తిపీట ముందు కూర్చుందేమోనని ఇంకొందరంటారు. పక్కింటి ఒడియావాళ్ల మాటలూ ఇంచుమించు ఇవే. 1936లో గీసిన రాష్ట్ర సరిహద్దు ఈ నమ్మకాలకి అడ్డు రాలేదు. అదృష్టం అనుకుంటే ఎవరికీ నష్టం లేదు. గ్రహణం అన్నప్పుడే చిక్కు. నింద తల్లి మీదికి పోతుంది, అదీ ఆమె చెయ్యని తప్పుకి.

ఈ నింద నిలవదని తేల్చడానికి పెద్ద సైన్సు అక్కర్లేదు, తారీకులు లెక్కేస్తే చాలు. గర్భం నిలిచిన దాదాపు 26వ రోజుకి పిండానికి రెండు పక్కలా చేతి మొగ్గలు పైకి లేస్తాయి. ఒకట్రెండు రోజుల తర్వాత కాలి మొగ్గలు వస్తాయి. 33వ రోజు ప్రాంతంలో చేతి మొగ్గ కొస చదునుగా పరుచుకుంటుంది, ఆరో వారంలో అందులో వేళ్ల గీతలు కనిపిస్తాయి, ఎనిమిది వారాలు నిండేసరికి వేళ్లు విడివడి ఉంటాయి. అప్పటికి పిండం పొడవు 3 సెంటీమీటర్లకి అటూ ఇటూ. డాక్టర్లు నెలలు లెక్కపెట్టేది చివరి బహిష్టు మొదటి రోజు నుంచి కాబట్టి ఈ అంకెలకి మరో 14 రోజులు కలపాలి. అంటే నెల తప్పిన 12 రోజులకల్లా పని మొదలై, పదో వారం నిండేసరికి ముగిసిపోతుంది. మొదటి 12 వారాల్లోపు ఆశా కార్యకర్త దగ్గర పేరు రాయించుకుంటే త్వరగా రాయించుకున్నట్టే లెక్క. గర్భిణులకి ఒడిశా ప్రభుత్వం డబ్బు సాయం చేసే మమతా పథకం కింద పేరు ఎక్కే సమయానికి లోపల చేతులు తయారైపోయి ఉంటాయన్నమాట. ఇక ఆరో నెలలో గ్రహణం వస్తే తలుపులు మూసి, ఆవిడని కదలకుండా పడుకోబెట్టి లాభమేమిటి? బిడ్డ అప్పటికే పిడికిలి మూస్తూ తెరుస్తూ ఉంటుంది.

ఆ నెల రోజుల్లో ఏం జరుగుతుందన్నది మనిషిలో చూసి తెలుసుకున్నది తక్కువ. మొదట దారి చూపింది కోడిగుడ్డు. పెరట్లో నాటుకోడి పొదుగుతున్న గుడ్డుని నాలుగో రోజు రాత్రి టార్చిలైటుకి అడ్డంగా పట్టుకుంటే సన్నటి ఎర్రటి నరాలు, వాటి మధ్య ఒక చుక్క కనిపిస్తాయి. పల్లెల్లో గుడ్డు ‘పట్టిందా లేదా’ అని చూసేది ఇలాగే. ల్యాబులో అయితే పెంకు మీద గోరంత కిటికీ కోసి మైక్రోస్కోపు కింద పెడతారు. గుండె కొట్టుకుంటూ ఉంటుంది, కన్ను నల్లబడుతూ ఉంటుంది, వెన్ను పొడుగునా ముద్దలు జతలు జతలుగా పేర్చి ఉంటాయి. వాటికి అటూ ఇటూ నాలుగు బొడిపెలు. ముందు రెండూ రెక్కలవుతాయి, వెనక రెండూ కాళ్లవుతాయి. కిటికీకి టేపు అంటించి గుడ్డుని మళ్లీ వెచ్చగా ఉంచితే పిండం ఏమీ ఎరగనట్టు పెరుగుతూనే ఉంటుంది. ఒకచోట కోసి, ఇంకోచోట అతికించి, వారం పోయాక ఏ ఎముక వచ్చిందో, ఏది రాలేదో చూసుకోవచ్చు. ఎలుకలోనో కుందేలులోనో అంత సులువుగా కుదరని పని ఇది.

ఆ బొడిపెలో మొదట ఎముకా ఉండదు, కండా ఉండదు. లోపల ఒకే రకంగా కనిపించే కణాలు, పైన పల్చటి చర్మపు పొర, అంతే. ఏది ముందరి మొగ్గ, ఏది వెనకది అన్నది ముందే నిర్ణయమై ఉంటుంది: ముందరి వాటిలో టీబీఎక్స్5 అనే జన్యువు, వెనక వాటిలో పిట్‌ఎక్స్1, టీబీఎక్స్4 పనిచేస్తుంటాయి. లోపలి కణాలు ఎఫ్‌జీఎఫ్10 అనే ప్రోటీన్ వదులుతాయి. అది పై పొరకి చేరితే, పై పొర మొగ్గ అంచున గట్టులా మందపడి ఎఫ్‌జీఎఫ్8ని తిరిగి లోపలికి పంపుతుంది. ఇద్దరి మధ్య ఈ ఇచ్చిపుచ్చుకోవడం నడిచినంతకాలం మొగ్గ పొడుగవుతూ ఉంటుంది. ఎఫ్‌జీఎఫ్10 లేకుండా చేసిన ఎలుక పిల్లలు కాళ్లు లేకుండానే పుట్టాయి.

అంచున ఉన్న ఆ గట్టు ఎంత ముఖ్యమో 1948లోనే అమెరికన్ శాస్త్రవేత్త జాన్ సాండర్స్ చూపించాడు. కోడి పిండంలో దాన్ని కోసి తీసేస్తే రెక్క అక్కడితో ఆగిపోయింది. తొందరగా తీస్తే భుజం దగ్గర ఎముక ఒక్కటే వచ్చింది. ఆలస్యంగా తీస్తే మోచేయి దాటి మణికట్టు వరకూ వచ్చి, వేళ్లు మాత్రం రాలేదు. అంటే చెయ్యి భుజం నుంచి వేళ్ల వైపు వరుసగా తయారవుతుంది, వేళ్ల వంతు చివర్న వస్తుంది. గట్టు తీసేసిన చోట ఎఫ్‌జీఎఫ్‌లో నానబెట్టిన చిన్న పూస పెడితే రెక్క మళ్లీ పెరుగుతుందని 1993లో తేలింది. రెండేళ్ల తర్వాత ఇంకాస్త విడ్డూరమైన ప్రయోగం జరిగింది. రెక్కకీ కాలికీ మధ్య, మామూలుగా ఏమీ మొలవని పక్కటెముకల వైపు ఆ పూస పెడితే అక్కడ కొత్తగా ఇంకో అవయవం మొలిచింది. చెయ్యి మొలిపించే శక్తి ఒంటి పక్క భాగంలో కూడా ఉంది, అడిగేవాళ్లు లేక ఊరుకుంటుంది.

పొడుగు సంగతి సరే. బొటనవేలు ఇటు, చిటికెనవేలు అటు అని ఎవరు చెబుతారు? అసలు కథ ఇక్కడుంది. 1968లో సాండర్స్, మేరీ గాసెలింగ్ కలిసి మొగ్గ వెనక అంచు నుంచి (మనలో చిటికెనవేలు వచ్చే వైపు) చిటికెడు కణజాలం తీసి, ఇంకో పిండం మొగ్గకి ముందు అంచున అతికించారు. కోడి రెక్కలో మామూలుగా మూడు వేళ్లు, వాటిని అప్పట్లో 2-3-4 అని లెక్కపెట్టేవారు. అతుకు పెట్టిన రెక్కలో 4-3-2-2-3-4 అని రెండు వైపుల నుంచీ వేళ్లు వచ్చాయి. ఆ చిటికెడు కణజాలమే జెడ్‌పీఏ. అది ఏదో పదార్థం వదులుతోందని, దగ్గరున్న కణాలకి ఎక్కువగా, దూరంగా ఉన్నవాటికి తక్కువగా అందుతోందని, ఆ మోతాదుని బట్టి ఒక్కో కణం తనెక్కడుందో తెలుసుకుంటోందని లూయిస్ వోల్పర్ట్, షెరిల్ టికిల్ వాదించారు. గంజాం తీరంలో ఛత్రపురం, రంగైలుండా వైపు పోయేవాళ్లకి ఇది తేలిగ్గా బోధపడుతుంది: కళ్లకి గంత కట్టి వదిలినా మొగలి పొద ఎంత దూరంలో ఉందో వాసన ఘాటుని బట్టి చెప్పేయొచ్చు.

ఆ పదార్థం ఏమిటో తెలియడానికి పాతికేళ్లు పట్టింది. 1993లో హార్వర్డ్‌లో క్లిఫ్ టాబిన్ బృందం దాన్ని పట్టుకుంది. ఈగల్లో అప్పటికే తెలిసిన హెడ్జ్‌హాగ్ అనే జన్యువుకి వెన్నెముక జంతువుల్లో ఉన్న బంధువు ఇది. దీనికి ఒక వీడియో గేమ్ పాత్ర పేరు పెట్టి సోనిక్ హెడ్జ్‌హాగ్ అన్నారు. ల్యాబులో సరదాగా అనిపించి ఉంటుంది కానీ, ఇదే జన్యువు దెబ్బతింటే మెదడు రెండు భాగాలుగా విడిపోని ఘోరమైన లోపం వస్తుంది. ఆ బిడ్డ తల్లిదండ్రుల ఎదుట కూర్చుని ఈ పేరు పలకాల్సి వచ్చే డాక్టర్ల ఇబ్బంది తలుచుకుంటే, పేర్లు పెట్టేవాళ్లు కాస్త ముందుచూపుతో ఉండాల్సిందనిపిస్తుంది.

వాసన పోలిక సగం నిజమే. ఘాటు ఎంత అన్నదే కాదు, ఎంతసేపు తగిలిందన్నది కూడా కణాలు లెక్కలోకి తీసుకుంటాయి. ఎలుక పాదంలో చిటికెనవేలు, దాని పక్క వేలు పూర్తిగా, నడిమి వేలు కొంతవరకూ అసలు ఈ సోనిక్ హెడ్జ్‌హాగ్ తయారుచేసిన కణాల సంతతే అని 2004లో తేలింది. బొటనవేలుకి మాత్రం దీని అవసరమే లేదు. అరచేయి ఏ వైపు, వెనక ఏ వైపు అన్నది ఇంకో సిగ్నల్ చూసుకుంటుంది. చేతి వెనక వైపు చర్మం నుంచి వచ్చే డబ్ల్యూఎన్‌టీ7ఏ దాని పేరు. గోళ్లు ఒకే వైపు ఉండేది దాని చలవే.

ఇప్పుడు ఆరో వేలు సంగతి. సోనిక్ హెడ్జ్‌హాగ్ మొగ్గకి వెనక అంచున మాత్రమే పుట్టాలి. ఏ కారణం చేతనైనా ముందు అంచున కూడా కాస్త పుడితే అటు, అంటే బొటనవేలు వైపు, అదనపు వేలు వస్తుంది. అతుకు పెట్టకుండానే సాండర్స్ ప్రయోగం తల్లి కడుపులో జరిగినట్టు. ఇలాంటి కుటుంబాల్లో జన్యువుని పరీక్షిస్తే దానిలో ఏ లోపమూ కనిపించలేదు. తేడా దానికి దాదాపు 10 లక్షల డీఎన్‌ఏ అక్షరాల దూరంలో, ఇంకో జన్యువు నడుమ ఇరుక్కుని ఉన్న చిన్న డీఎన్‌ఏ ముక్కలో ఉందని 2003లో తెలిసింది. పేరు జెడ్‌ఆర్‌ఎస్. అది ఏ ప్రోటీనునీ తయారుచెయ్యదు. సోనిక్ హెడ్జ్‌హాగ్‌ని చేతుల్లో, కాళ్లలో ఎక్కడ వెలిగించాలో, ఎక్కడ ఆర్పాలో చూసే స్విచ్చు అది, ఇంకే పనీ లేదు. దానిలో ఒక్క అక్షరం మారితే చాలు, ఆరో వేలు. అమెరికాలోని కీ వెస్ట్ దీవిలో పేరుమోసిన ఆరువేళ్ల పిల్లులకీ, నాలుగు బదులు ఐదు వేళ్లుండే సిల్కీ కోళ్లకీ తేడా ఇదే స్విచ్చులో ఉంది.

స్విచ్చు పూర్తిగా చెడిపోతే ఏమవుతుందో పాము చెబుతుంది. మహేంద్రగిరి అడవుల్లో తిరిగే కొండచిలువని ఎవరైనా తిరగేసి చూడగలిగితే, తోక మొదట్లో అటొకటి ఇటొకటి చిన్న గోళ్లు కనిపిస్తాయి. పోయిన కాళ్ల ఆనవాళ్లవి. కొండచిలువ పిండంలో వెనక కాలి మొగ్గ మొదలవుతుంది, సోనిక్ హెడ్జ్‌హాగ్ కూడా కాసేపు వెలుగుతుంది, ఆ తర్వాత ఆరిపోతుంది. 2016లో ఎలుకలో ఈ స్విచ్చు తీసేసి పాము స్విచ్చు పెట్టారు. ఎలుక పిల్లలకి కాళ్లు మొండి ముక్కలుగా మిగిలాయి. కోట్ల ఏళ్ల నాటి పోలికలున్న సీలకాంత్ చేప స్విచ్చు పెడితే మాత్రం కాళ్లు చక్కగానే వచ్చాయి! పాముల్లో 17 అక్షరాలు ఎగిరిపోయాయని గమనించి, కొండచిలువ స్విచ్చులో ఆ 17 తిరిగి చేర్చి ఎలుకలో పెడితే కాళ్లు మళ్లీ వచ్చాయి.

ఒక్క అక్షరం మార్పు కాబట్టి అది వంశంలో నడుస్తుంది. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి చేరే అవకాశం సగానికి సగం. అయితే చేరిన ప్రతివాళ్లకీ బయటికి కనిపించాలని లేదు. తాతకి ఉండి, తండ్రికి లేక, మనవడికి వచ్చిందంటే ఆ మధ్య తరం దాన్ని కనపడకుండా మోసిందన్నమాట. ‘మా ఇళ్లలో ఎవరికీ లేదే’ అనే అనుమానం కోడలి మీదికి తిరగడానికి ఇదో కారణం. 2019లో గంజాం జిల్లాలో చేతులకీ కాళ్లకీ ఎక్కువ వేళ్లున్న ఒక పెద్దావిడని చుట్టుపక్కలవాళ్లు మంత్రగత్తె అన్నారని పేపర్లలో వచ్చింది. చిల్లంగి భయం ఇటు కొండ ప్రాంతాల్లో ప్రాణాలు తీసిన భయమే. ఒడిశా ప్రభుత్వం 2013లో దీనికోసం ప్రత్యేకంగా చట్టం తేవాల్సి వచ్చింది. డీఎన్‌ఏలో ఒకటో రెండో అక్షరాల తేడాకి ఒక మనిషి ఊరంతటినీ తప్పించుకు బతకాల్సి రావడం దారుణం.

వేళ్ల లెక్క గురించి చాలామంది తలకిందులుగా ఊహించుకునే విషయం ఒకటుంది. సోనిక్ హెడ్జ్‌హాగ్ లేకపోతే బొటనవేలు తప్ప మిగతా వేళ్లు రావు కాబట్టి వేళ్లని పుట్టించేది అదేననిపిస్తుంది. 2002లో రెండు బృందాలు ఎలుకల్లో సోనిక్ హెడ్జ్‌హాగ్‌తోపాటు జీఎల్‌ఐ3 అనే ఇంకో జన్యువునీ తీసేసి చూశాయి. వేళ్లు మాయం కాలేదు సరికదా, ఐదుకి మించి వచ్చాయి. అయితే అన్నీ ఒకే తీరు. ఏది బొటనవేలో, ఏది చిటికెనవేలో తేడా లేదు. మొగ్గకి బోలెడన్ని వేళ్లు వేసే గుణం సహజంగానే ఉంది. జీఎల్‌ఐ3 దానికి పగ్గం వేస్తుంది, సోనిక్ హెడ్జ్‌హాగ్ ఆ పగ్గాన్ని తగినచోట సడలించి, ఐదు దగ్గర ఆపి, ఒక్కోదానికి ఒక్కో రూపు ఇస్తుంది. తొలినాటి నాలుగుకాళ్ల జంతువుల్లో అకాంతోస్టెగాకి ఎనిమిదేసి వేళ్లుండేవని శిలాజాలు చెబుతున్నాయి. ఐదు అన్నది తర్వాత కుదిరిన లెక్కే. వేలుకీ వేలుకీ మధ్య ఖాళీ ఎలా వస్తుందన్నదానికి లెక్కల శాస్త్రజ్ఞుడు అలన్ ట్యూరింగ్ 1952లో ప్రతిపాదించిన సమీకరణాలు సరిపోతాయని 2014లో బార్సిలోనా బృందం చూపించింది. వేలు, సందు, వేలు, సందు అని చారలు తమంతట తామే పడతాయట.

సందుల్లోని చర్మం ఊరికే పోదు. అక్కడి కణాలు బీఎంపీ అనే సిగ్నల్ అందుకుని చచ్చిపోతాయి. బాతు కాలిలో గ్రెమ్లిన్ అనే ప్రోటీన్ ఆ సిగ్నల్‌ని అడ్డుకుంటుంది, అందుకే దాని వేళ్ల మధ్య తోలు మిగులుతుంది. గబ్బిలం రెక్కలోనూ అంతే. మనిషిలో ఆ చావు సరిగ్గా జరగకపోతే వేళ్లు అతుక్కుని పుడతాయి.

జీఎల్‌ఐ3 సంగతి మేనరికాల దగ్గర అక్కరకొస్తుంది. ఈ జిల్లాల్లో మేనమామకో, మేనత్త కొడుక్కో పిల్లనిచ్చే తెలుగువాళ్లని చూసి ఒడియా ఇరుగుపొరుగు ఇప్పటికీ ముక్కున వేలేసుకుంటారు. ఉత్త ఆరో వేలుకి మేనరికం కారణం కాదు, అది పైన చెప్పినట్టు ఒక వైపు నుంచి వచ్చినా చాలు. కానీ కణాల మీద సీలియం అనే సన్నటి పోగు ఉంటుంది, హెడ్జ్‌హాగ్ సమాచారం కణంలోకి చేరేది అక్కడే. అది చెడితే జీఎల్‌ఐ3 పగ్గం సడలి, ఎక్కువగా చిటికెనవేలు వైపు వేళ్లు పెరుగుతాయి. బార్డెట్-బీడెల్, ఎల్లిస్-వాన్ క్రెవెల్డ్ అనే జబ్బులు ఈ కోవవే. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ కాపీ వస్తేనే ఇవి పుడతాయి, అందుకే దగ్గరి సంబంధాల్లో అవకాశం పెరుగుతుంది. మొదటిదాంట్లో చిన్నప్పుడే రేచీకటి మొదలై చూపు తగ్గుతుంది, ఒళ్లు వస్తుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. రెండోదాంట్లో పొట్టితనం, గుండెలో లోపం. కాబట్టి మేనరికం ఇంట్లో ఆరో వేలుతో బిడ్డ పుడితే వేలొక్కటే చూసి ఊరుకోకుండా పిల్లల డాక్టరుకి ఒళ్లంతా చూపించడం మంచిది. బొటనవేలు లేకపోయినా, దానిలో రెండు బదులు మూడు ఎముకలున్నా గుండెకి ఎకో తప్పనిసరిగా చేయించాలి. ముందరి మొగ్గలో పనిచేసే టీబీఎక్స్5 గుండె గదుల మధ్య గోడకీ కావాలి, అది చెడితే హోల్ట్-ఓరమ్ సిండ్రోమ్‌లో చెయ్యీ గుండే కలిసే దెబ్బతింటాయి.

ఆ నెల రోజుల్లో బయటి నుంచి నిజంగా హాని చేసేవి లేవా అంటే ఉన్నాయి. అవి ఆకాశంలో కాదు, మందుల షాపులో ఉంటాయి. 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రకి, వేవిళ్లకి అమ్మడం మొదలుపెట్టిన థాలిడోమైడ్ వల్ల ప్రపంచమంతటా 10 వేల మందికి పైగా పిల్లలు పొట్టి చేతులతో, చేతులు లేకుండా పుట్టారు. 1961 చివర్లో దాన్ని ఆపారు. గర్భం నిలిచాక 20వ రోజుకీ 36వ రోజుకీ మధ్య వేసుకున్నవాళ్లకే ఆ దెబ్బ తగిలింది. ఆ మందు సెరెబ్లాన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుంటుందని 2010లో, దాని ద్వారా చేతుల తయారీకి కావలసిన ఎస్‌ఏఎల్‌ఎల్4ని నాశనం చేస్తుందని 2018లో తెలిసింది. ఎలుకల్లో ఆ ప్రోటీన్లు కాస్త వేరుగా ఉండడంతో వాటికి ఏమీ కాదు. డీఎన్‌ఏ మారదు కాబట్టి ఇది వంశంలో నడవదు. ఈ మందు ఇవాళ్టికీ వాడకంలో ఉంది, కుష్టు రోగుల్లో వచ్చే ఒక రకం రియాక్షన్‌కి, మైలోమా అనే బ్లడ్ క్యాన్సర్‌కి ఇస్తారు. మొటిమలకిచ్చే ఐసోట్రెటినోయిన్ పిండం ముఖాన్నీ, మెదడునీ, గుండెనీ దెబ్బతీస్తుంది. ఫిట్స్‌కి వాడే వాల్‌ప్రోయేట్ వెన్నునీ, కొన్నిసార్లు చేతినీ దెబ్బతీస్తుంది. ఫిట్స్ మందు సొంతంగా మానెయ్యడం ఇంకా ప్రమాదం. పిల్లల్ని కనాలనుకున్నప్పుడే, నెల తప్పకముందే, డాక్టరుని అడిగి మార్పించుకోవాలి. చీటీ లేకుండా కౌంటర్లో మాత్ర అడిగి కొనే అలవాటున్నచోట, నెల తప్పి పది రోజులైన అమ్మాయికి ఈ మందుల ముచ్చట ముందే చెప్పి ఉండకపోతే, తర్వాత చెప్పేసరికి ఆలస్యమైపోవచ్చు.

పుట్టాక చెయ్యగలిగింది చాలావరకు సర్జన్ చేతిలో ఉంది. చిటికెనవేలు పక్కన ఎముక లేకుండా సన్నటి తొడిమతో వేలాడే వేలుని పురిటింట్లోనే దారంతో కట్టేసే అలవాటు ఉంది. ఒక్కోసారి అది ఊడిపోతుంది గానీ చీము పట్టడం, నొప్పి పెట్టే బొడిపె మిగలడం కూడా మామూలే. ఆసుపత్రిలో మత్తిచ్చి తీయించడం నయం. బొటనవేలు రెండుగా ఉంటే మాత్రం దారం మాట ఎత్తకూడదు. రెండింటికీ కీలు, నరాలు, కండరాలు పంచుకుని ఉంటాయి. చిన్నదాన్ని కోసి పారేస్తే మిగిలింది వంకర తిరుగుతుంది. తీసేసే వేలు స్నాయువునీ, కండరాన్నీ ఉంచే వేలుకి కలిపి కుట్టాలి. ఆ ఆపరేషన్ సాధారణంగా బిడ్డకి ఏడాది నిండాక, గ్లాసూ బొమ్మా పట్టుకోవడం అలవాటయ్యే వయసులో చేస్తారు.